పంతొమ్మిదో గేటు

మా ల్యాబులో శనివారం పొద్దున పదిన్నరకి గేట్ల హాజరు జరుగుతుంది. బడిలో పిల్లల హాజరు లాంటిదే. నా కింద పనిచేసే నస్రీన్ గోడమీది తెర ముందు నిలబడి ఒక్కో గేటు పేరూ చదివి, "ఇది ఎవరిది?" అంటుంది. ఎవరో ఒకరు "నాది" అనాలి. ఎవరూ అనకపోతే ఆ గేటు అక్కడికక్కడే మూసేస్తారు.

గేటంటే ఇనప గేటు కాదు. మా సర్వర్లన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. వాటిలోకి ఎవరు, ఎక్కడినుంచి, ఏ పనిమీద రావచ్చో చెప్పే రూలు ఒక్కోటీ మాకు ఒక గేటు. అలాంటివి మూడొందల పైచిలుకు ఉన్నాయి. ఈ హాజరు పద్ధతి పెట్టింది నేనే. "నాది" అనేవాడు ముందు ఆ గేటు తెరిచి చదవాలి, అది ఇంకా ఎందుకుండాలో చెప్పగలగాలి అని రాసిపెట్టింది కూడా నేనే. పదకొండు శనివారాలు వరసగా, చదవకుండా "నాది" అన్నవాణ్ణి కూడా నేనే.

నా పేరు మాలకొండయ్య. ఒంగోలులో 'తోడు' ల్యాబుకి కాపలా విభాగం పెద్దని. నా భార్య హైమ అదే ల్యాబులో ఊపిరి లెక్కలు రాసేది. నన్ను "వాచ్‌మేన్ గారూ" అని పిలిచేది, నలుగురిలో కూడా. ఇంట్లో తాళం వేశానో లేదో మూడుసార్లు చూసుకునేవాణ్ణి నేను. పెరటి తలుపు బార్లా తీసిపెట్టి, గాలి రావద్దా అని అడిగేది ఆమె. ఇద్దరూ ఒకే చోట ఉద్యోగం ఎలా చేస్తున్నారని అందరూ అడిగేవాళ్ళు. పోట్లాడుకుంటూ చేశాం, పదహారేళ్ళు.

తోడు అంటే చింతగింజంత యంత్రం. పక్కటెముకల కింద, ఊపిరి తీసే కండరం పక్కన పెడతారు. పలకలు కోసే షెడ్లలో ఏళ్ళ తరబడి రాతిదుమ్ము పీల్చి, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేవాళ్ళకి అది. మిగిలిన కాస్త ఊపిరితిత్తితోనే మనిషిని నడిపిస్తుంది. గింజ చిన్నది, దానికి ఆలోచించే శక్తి లేదు. ఆలోచనంతా క్లౌడ్‌లో ఉన్న సర్వరుది. మనిషి రెండో మెట్టు మీద ఉండగానే మూడో మెట్టుకి ఎంత గాలి కావాలో లెక్కగట్టి గింజకి పంపుతుంది. సర్వరు పది సెకన్లు పలక్కపోతే గింజ తనంతట తాను మామూలు ఊపిరి ఇస్తుంది. కూర్చున్న మనిషికి అది సరిపోతుంది, ఎక్కుతున్న మనిషికి చాలదు. అలా మూడొందల నలభైమంది మా గేట్ల గుండా ఊపిరి పీల్చుకుంటున్నారు.

అందుకని గేట్లమీద కన్నేసి ఉంచడానికి నేనొక ప్రోగ్రాం తయారుచేశాను. పేరు కాపరి. ఏ గేటు అవసరానికి మించి తెరిచి ఉంది, అలవాటు లేని చోటినుంచి ఎవరొస్తున్నారు, వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారు, అన్నీ చూస్తుంది. మొదట్లో అనుమానం వస్తే తనే మూసేసేది. మొదటి నెలలోనే ఒక మంచి గేటుని దొంగ గేటనుకుని మూసేసింది. పదకొండుమందికి రెండు నిమిషాలపాటు ఊపిరి చాల్లేదు. అద్దంకి బస్టాండులో ఒకాయన సంచీ పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడట. ఆ రోజే కాపరి చేతులు కట్టేశాం. అది అడగాలి, మనిషి చెప్పాలి. శనివారం హాజరు అప్పటినుంచే మొదలైంది.

తోడు పెట్టించుకున్న మొట్టమొదటి మనిషి మార్కాపురం చెన్నమ్మ. నలభై ఆరేళ్ళు ఉంటాయి. ఇరవై ఏళ్ళు పలకల షెడ్డులో అంచులు అరగదీసింది. భర్త అదే షెడ్డు దుమ్ముకి ముందే పోయాడు. కూతురు కాశమ్మ కుట్టుమిషను పెట్టుకుని తల్లిని చూసుకుంటోంది. చెన్నమ్మ మొదటిసారి ల్యాబుకి వచ్చినప్పుడు మా వరండా మూడు మెట్లు ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. హైమ మంచినీళ్ళిచ్చి, "నీకేం కావాలమ్మా?" అని అడిగింది.

"మా మిద్దె మెట్లు పదిహేనుండాయి. మా అమ్మి కుట్టుపని మానుకుని మిరపకాయలు ఎండేయను పైకి పోతావుంటాది. ఆ పని నేను చేసుకుంటే చాలు తల్లీ" అంది చెన్నమ్మ.

హైమ ఆ పదిహేను మెట్లనీ మనసులో పెట్టుకుంది. చెన్నమ్మ కోసం పాత సర్వరులో విడిగా లెక్కలు రాసింది. తర్వాత వచ్చిన వందలమంది కొత్త సర్వర్లకి మారారు కానీ చెన్నమ్మనీ ఇంకో ముగ్గుర్నీ మాత్రం ఆ పాతదానిలోనే ఉంచింది. వారానికోసారి చెన్నమ్మ ఫోను చేసేది. "అమ్మాయ్, ఈ పొద్దు తొమ్మిది ఎక్కినా." ఆ సాయంత్రం మా ఇంట్లో తొమ్మిది మెట్ల గురించే మాట్లాడుకునేవాళ్ళం.

పదకొండో మెట్టు దగ్గర చెన్నమ్మ ఆగిపోయింది. హైమ సంగతేంటో చూడ్డానికి మార్కాపురం వెళ్ళింది. మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది.

"వాచ్‌మేన్ గారూ, మీ గేటు నన్నే రానివ్వడం లేదు."

అక్కడ ఫోను సిగ్నలు గంటకో ఇంటర్నెట్ చిరునామా మారుస్తోంది. తెలియని చిరునామాలనుంచి ఎవరొచ్చినా గేటు ఒప్పుకోదు. అలా రాసింది నేనే.

"రేపు రూలు రాసి, ఇద్దరం చదివి పెడదాం" అన్నాను.

"ఈమె పదకొండో మెట్టుమీద నిలబడి ఉంది. రేపటిదాకా నిలబడమంటారా?"

నవ్వొచ్చింది నాకు. వారం రోజులకైతే పెట్టుకో అన్నాను. పాస్‌వర్డ్ లాంటి తన తాళం ఉన్నవాళ్ళు ఎక్కడినుంచైనా పాత సర్వరులోకి రావచ్చని హైమ ఒక గేటు పెట్టింది. ఆమె పేరుమీద ఉన్నవాటిలో అది పంతొమ్మిదోది. ఆ సాయంత్రమే చెన్నమ్మ పదిహేనో మెట్టు ఎక్కి మిద్దెమీద కూర్చుంది. హైమ తీసిన ఫొటోలో ఆమె తలమీద కొంగు గాలికి లేచిపోయి ఉంది.

తిరిగొచ్చిన రెండోరోజు హైమకి జ్వరం. డెంగీ అన్నారు. రక్తకణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కించారు, నిలబడతాయన్నారు. ఆరో రోజు పొద్దున పోయింది. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

పన్నెండు రోజులకి నేను ల్యాబుకి వెళ్ళాను. అది శనివారం. నేను లేనన్నాళ్ళూ హాజరు ఆపేశారట. నస్రీన్ నన్ను చూసి, హైమ గేట్లు రాగానే గొంతు తగ్గించింది. "ఇది... హైమ మేడమ్ పేరుమీద ఉంది. ఎవరిది?"

ఎవరూ మాట్లాడలేదు. పద్ధతి ప్రకారం మూసేయాలి, తెరమీంచి ఆమె పేరు చెరిగిపోవాలి. నా నోరు దానంతటదే పలికింది.

"నాది."

పంతొమ్మిదిసార్లు అన్నాను. ఒక్కటీ తెరిచి చదవలేదు. చదివితే అందులో ఆమె రాసుకున్న మాటలుంటాయి. ఆ మాటలు చదివే ధైర్యం నాకు లేదు, ఆ పేరు చెరిపే ధైర్యం అంతకన్నా లేదు. చనిపోయినవాళ్ళ తాళం రద్దు చేసే కాగితం కూడా నా బల్లమీదే ఉంది. దానిమీద ఒక పుస్తకం పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు వంచుకున్నారు. పాపం, కొన్నాళ్ళు పోనీలే అనుకుని ఉంటారు. ఇంకెవరైనా ఆ పని చేసుంటే నేను నిలదీసి కడిగేసేవాణ్ణి.

అయిదో వారంలో ఒక సోమవారం, పొద్దున్నే టీ పెట్టుకుని ఫోను తెరిచాను. కాపరి పసుపు గీత గీసి చూపించింది.

'హైమ లోపలికి వచ్చారు. 6.10. కొత్త చోటినుంచి. వీరు ఎవరు?'

కింద రెండు మీటలు. 'తెలిసినవారే', 'తెలియదు'.

నాకు దయ్యాలమీద నమ్మకం లేదు. చచ్చిపోయినవాళ్ళు లాగిన్ అవరని నాకన్నా బాగా తెలిసినవాడు మా జిల్లాలో లేడు. కానీ హైమ రోజూ ఆరింటికి లేచి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఆరూ పదికే ల్యాప్‌టాప్ తెరిచేది. అదే వేళకి అదే పేరు. తను పెట్టిపోయిన ప్రోగ్రాం ఏదో దానంతటది నడుస్తోంది కాబోలు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరికైనా చెప్పుంటే ఆ మాట అక్కడే తేలిపోయేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. 'తెలిసినవారే' నొక్కాను.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు కూడా. ఆరూ అయిదుకల్లా టీ కాచుకుని సిద్ధంగా కూర్చోవడం మొదలుపెట్టాను. 'హైమ లోపలికి వచ్చారు.' ఆ ఒక్క ముక్క చదివితే ఆ పూట గడిచిపోయేది. కొన్ని రోజులు రెండు గ్లాసులు కూడా పెట్టాను. సిగ్గుపడే విషయమే, అయినా దాచి ఏం లాభం?

తొమ్మిదో శనివారం నస్రీన్ అడిగింది. "సార్, పంతొమ్మిదోది ఒకసారి తెరిచి చదువుదామా? కాపరి దానిమీద రోజూ పసుపు గీత పెడుతోంది."

"నాది అన్నాను కదా. తర్వాతది చదువు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఆ గదిలో ఎప్పుడూ లేవలేదు. ఆ అమ్మాయి తల దించుకుని తర్వాతది చదివింది.

పన్నెండో వారంలో ఒక బుధవారం. ఆరూ పదికి హైమ పేరు వచ్చింది. మీట నొక్కాను. టీ తాగాను. ఆరూ నలభైకి కాశమ్మ ఫోను చేసింది.

"అయ్యా, మా అమ్మ మెట్లమీద పడిపోయింది. ఊపిరి ల్యా."

ల్యాబుకి పరిగెత్తి పాత సర్వరు తెరిచాను. ఆ పొద్దున ఏం జరిగిందో వరసగా రాసి ఉంది. ఆరూ ఇరవై రెండుకి చెన్నమ్మ మిరపకాయల గంప ఎత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. గింజ ఎప్పట్లాగే అడిగింది. సర్వరు జవాబు ఇచ్చింది, కానీ ఆలస్యంగా. ఏడు సెకన్లు, తర్వాత ఎనిమిది. మూడో మెట్టుకి కావలసిన ఊపిరి ఏడో మెట్టు మీద వచ్చింది. పూర్తిగా పలక్కుండా ఉంటే పది సెకన్లకి గింజ తన పని తాను చేసుకునేది, ఆమె ఏ మెట్టుమీదో ఆయాసపడి కూర్చునేది, బతికేది. కాస్త ఆలస్యంగా పలుకుతూనే ఉంది కాబట్టి గింజ నమ్మి ఎదురుచూసింది. చెన్నమ్మ తొమ్మిదో మెట్టుమీద పడిపోయింది. ఆ పాత సర్వరుమీదున్న మిగిలిన ముగ్గురూ అప్పటికి మంచాలమీదే ఉన్నారు.

సర్వరు ఎందుకు మందగించిందో కూడా అక్కడే ఉంది. హైమ పేరుతో వచ్చినవాళ్ళెవరో రోజూ గంటసేపు దానిచేత తమ సొంత లెక్కలు చేయించుకుంటున్నారు. ఉచితంగా దొరికిన యంత్రం. మొదట కొంచెం వాడుకున్నారు, ఎవరూ అడగలేదు కనక రోజురోజుకీ పెంచుకుంటూ పోయారు. ఆ బుధవారం దాదాపు మొత్తం వాడుకున్నారు. మార్కాపురంలో మెట్ల హడావిడిలో హైమ తన తాళాన్ని ప్రోగ్రాంలోనే రాసి, ఆ ప్రోగ్రాంని పదిమందికీ పనికొస్తుందని ఇంటర్నెట్‌లో అందరూ చూసే చోట పెట్టింది. అలా పడిపోయిన తాళాలు ఏరుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ ఏరుకున్నవాడికి అవతల ఒక మనిషి మెట్లెక్కుతోందని తెలియదు. నాకు తెలుసు.

అప్పుడు పంతొమ్మిదో గేటు తెరిచి చదివాను. మొదటిసారి. రూలు కింద ఆమె రాసుకున్న మాట ఉంది.

'తాత్కాలికం. వారం చాలు. వాచ్‌మేన్ గారు అరవకముందే తీసేయాలి.'

బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె పోయినరోజు కూడా అంతలా ఏడవలేదు. తర్వాత గేటు మూశాను. రెండు సెకన్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం మార్కాపురం వెళ్ళాం, నేనూ మా డైరెక్టరు విద్యాధర్‌గారూ. శవాన్ని వసారాలో పడుకోబెట్టారు. మెట్లమీద మిరపకాయలు పడినవి పడినట్టే ఉన్నాయి, ఎవరూ ఎత్తలేదు. కాశమ్మ లేచి మాకు మంచినీళ్ళిచ్చింది. ఏమీ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో విద్యాధర్‌గారు మెల్లిగా మొదలుపెట్టారు. "సోమవారం ప్రభుత్వంనుంచి విచారణకి వస్తున్నారు. గేటు పెట్టింది హైమ. తాళం బయట పడేసుకుంది హైమ. ఇందులో అబద్ధం లేదుగా?"

"లేదు."

"నేను వేరే ఏమీ చెప్పమనడం లేదు కొండయ్యా. అంతవరకు చెప్పి ఆపండి. పోయినావిడకి పోయేదేముంది? మీరు తప్పు చేశారని తేలితే కేసవుతుంది. ల్యాబుమీద అనుమానం వస్తుంది. మూడొందల ముప్పై తొమ్మిదిమంది ఉన్నారు మన చేతుల్లో."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ లెక్క కారులో కూర్చుంటే సబబుగానే ఉంది. ఇంటికెళ్ళేసరికి, హైమ పోయినప్పటినుంచీ నేను మూయని పెరటి తలుపు తీసే ఉంది. పోయినావిడకి పోయేదేముందంటే, మిగిలిందే ఆ పేరొక్కటి. మూడు నెలలు నేను దాన్ని చెరగనివ్వకుండా కాపలా కాశాను. ఆ కాపలాకి ఒక మనిషి ప్రాణం పోయింది. ఇప్పుడు ఆ నిందని కూడా తెచ్చి ఆ పేరుమీదే పెట్టమంటున్నారు.

విచారణ మా హాజరు గదిలోనే జరిగింది. అధికారి ఒక పెద్దావిడ, కళ్ళద్దాలు తీసి పెట్టుకుంటూ, అన్నీ ఓపిగ్గా చదివింది. కాశమ్మని కూడా పిలిపించారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. విద్యాధర్‌గారు చెప్పాల్సింది చెప్పారు. గేటు పెట్టిన ఇంజనీరు మరణించారని, ఆవిడ తాళం ఎవరో దొంగకి దొరికిందని, దురదృష్టమని అన్నారు.

"మీ పద్ధతిలోనే అడుగుతాను" అంది అధికారి. నస్రీన్‌ని చదవమంది.

నస్రీన్ తెర ముందుకి వెళ్ళింది. "పంతొమ్మిదో గేటు. పెట్టింది హైమ మేడమ్. ఇది ఎవరిది?"

విద్యాధర్‌గారు నావైపు చూడలేదు.

"నాది" అన్నాను. "హైమ పెట్టింది వారానికి. ఆ వారంలోపే పోయింది. తర్వాత పదకొండు వారాలు అది నాది. చదవకుండా నాది అన్నాను. కాపరి రోజూ అడిగితే తెలిసినవారే అని చెప్పింది కూడా నేనే."

కాశమ్మ తలెత్తింది.

"మా అమ్మ పడిపోయిన పొద్దు కూడా ఆ దొంగ వచ్చింది మీరు చూసినారా అయ్యా?"

"చూశానమ్మా."

"చూసి ఏం చేసినారు?"

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆమె ఆ రోజు నాకు మంచినీళ్ళిచ్చింది.

"మా ఆవిడ పేరు కనపడిందని సంతోషపడి, టీ తాగాను."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నస్రీన్ వైపు తిరిగింది.

"అమ్మాయ్, మా అమ్మ పేరు కూడా అందులో యాడన్నా ఉండాదా?"

"ఉందక్కా. ఒకటో నంబరు గింజ. దానికీ ఒక గేటు ఉంది" అంది నస్రీన్.

"దాన్ని చదువు."

నస్రీన్ అధికారి వైపు చూసింది. ఆవిడ తలూపింది. తెరమీద చెన్నమ్మ పేరు వచ్చింది. పక్కన పచ్చచుక్క ఇంకా వెలుగుతోంది, అవతలినుంచి ఏదైనా అడుగుతారేమోనని సర్వరు ఎదురుచూస్తోంది.

"ఒకటో నంబరు. చెన్నమ్మ, మార్కాపురం. ఇది ఎవరిది?"

"నాది" అంది కాశమ్మ. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మూసెయ్యి. పోయినోళ్ళ కోసం వాకిలి తీసిపెట్టుకోబాకండి."

చుక్క ఆరిపోయింది. పేరు ఒక్క క్షణం ఉండి, చెరిగిపోయింది.

ఆమె వెళ్ళాక అధికారి కాగితాలు సర్దుకుంటూ, నా తాళాలన్నీ ఆ పూటనుంచే రద్దవుతాయని చెప్పింది. మిగతాది కోర్టు చూసుకుంటుందంది. సరేనన్నాను. వెళ్ళిపోబోతూ ఆగి నస్రీన్‌ని అడిగాను, హైమ పేరుమీద ఇంకా పద్దెనిమిది ఉన్నాయి, అవి కూడా ఇప్పుడే చదవమని.

ఆ అమ్మాయి ఒక్కొక్కటే తెరిచి, పూర్తిగా చదివి, ఎవరిదని అడిగింది. ఊపిరికి అవసరమైనవి ఏడు తేలాయి, వాటికి తనే "నాది" అంది. మిగిలినవి పదకొండు. ప్రతిసారీ చదివి, నావైపు చూసి, కాసేపు ఆగింది.

పదకొండుసార్లూ నేను పలకలేదు.